రెండో ముక్కు

మంగళవారం ఉదయం పది గంటల పది నిమిషాలకు ఫోను మోగింది. పది పన్నెండుకి పొయ్యి మీద పాలు మాడాయి. ఆ రెండు నిమిషాల్లో ఒక అమ్మాయి తన తండ్రి పోయిన సంగతి నాకు చెప్పింది. ఆయనా నేనూ ఈ పరాయి దేశంలో, ఆంగ్ మో కియో అనే పేటలో ఒక చిన్న కార్ఖానాలో పదకొండేళ్ళు ఒకే గదిలో పనిచేశాం. నేను పొయ్యి ముందే నిలబడి వింటున్నాను. నా ముక్కుకీ పాలగిన్నెకీ మధ్య రెండు జానల దూరం. నాకేమీ తెలియలేదు.

తెలిసింది మా మనవరాలికి. తన గదిలో తలుపు వేసుకుని చదువుకుంటున్న పిల్ల పరిగెత్తుకొచ్చి, "అమ్మమ్మా! చావ్ తా! మిల్క్ అంతా చావ్ తా!" అని అరుస్తూ పొయ్యి ఆపేసింది.

మాడు వాసనకి ఈ ఊరి మాట అది. మొదట చైనావాళ్ళది, ఇప్పుడు మేముండే యూ టీ పేటలో పుట్టిన తెలుగు పిల్లలది కూడా. ఆ మాట చెవిన పడగానే నాకు నవ్వొచ్చింది. ఫోనులో అవతల ఒక పిల్ల తండ్రి కోసం ఏడుస్తోంది, ఇవతల డెబ్బై రెండేళ్ళ నేను కిసుక్కుమన్నాను. వెంటనే దగ్గినట్టు సర్దుకున్నాను. "మీరు ఏడవకండి ఆంటీ," అంది పాపం ఆ అమ్మాయి.

నాకు వాసన రాదు. పద్నాలుగో ఏట ఇరవై మూడు రోజుల జ్వరం వచ్చి, పోతూ పోతూ దాన్ని తీసుకుపోయింది. ముక్కు చూడటానికి బాగానే ఉంటుంది. ముక్కుపుడక నిలబెట్టడానికి, కళ్ళజోడు ఆనించడానికి పనికొస్తుంది. నేను ఇంత లెక్క మనిషిని ఎలా అయ్యానని మా వాళ్ళు ఆశ్చర్యపోతుంటారు. అందులో గొప్పేమీ లేదు. ఆవాలు వేగిన వాసన తెలియనిది సెకన్లు లెక్కపెట్టుకోవాలి. పాలు పొంగే వేళ తెలియనిది గడియారం చూసుకోవాలి. అలా చూసి చూసి, లెక్కపెట్టి లెక్కపెట్టి, చివరికి ఆ పనికే జీతం తీసుకునేదాకా వచ్చాను. ఈ లోటు సంగతి చాలాకాలం ఎవరికీ చెప్పలేదు. ఎవరికీ తెలియదనే అనుకున్నాను కూడా.

ఆ పోయిన ఆయన పేరు రాయను. నేను ఆయన్ని భాయ్ అనేదాన్ని, ఆయన నన్ను ఆపా, అంటే అక్కా, అనేవారు. నాకంటే నాలుగేళ్ళు చిన్న. హైదరాబాదు పాతబస్తీ మనిషి. ఇంట్లో దక్కనీ ఉర్దూ, నాతో తెలంగాణా తెలుగు, సైలెన్సర్లతో రెండూ.

అవును, సైలెన్సర్లతో మాట్లాడేవారు. మా కార్ఖానా పని అదే. మంచు దేశాల్లో స్నోమొబైల్ అనే బండి ఉంటుంది. ముందు రెండు స్కీలు, వెనక రబ్బరు పట్టా, మధ్యలో స్కూటరు మీద కూర్చున్నట్టు మనిషి. దాని ఇంజను, పొగ వదిలే సైలెన్సరు, అన్నీ ఒకే బానెట్ కింద ఇరుక్కుని ఉంటాయి. ఆ సైలెన్సరు చుట్టూ తొడిగే వేడి ఆపే తొడుగులు మేము తయారుచేసి పంపేవాళ్ళం. గాజునార పరుపు, పైన పల్చటి రేకు, మధ్యలో జిగురు. మంచు ఎలా ఉంటుందో మా కార్ఖానాలో ఒక్కరూ చూడలేదు. ఫ్రిజ్‌లో గీకితే వచ్చేదే మాకు తెలిసిన మంచు.

చేరిన మొదటిరోజే నేను తెలివైన ప్రశ్న ఒకటి వేశాను. "అంత చలిలో తిరిగే బండికి నిప్పెలా అంటుకుంటుంది భాయ్?"

ఆయన ప్యాంటు కుడికాలు పైకి మడిచి పిక్క చూపించారు. అక్కడ కోడిగుడ్డంత నున్నటి మచ్చ. మన ఊళ్ళలో స్కూటరు వెనక సీటు మీంచి దిగేటప్పుడు సైలెన్సరు తగిలి పడే మచ్చ. నా కాలికీ ఒకటి ఉంది, చిన్నది.

"ఇది నా డిగ్రీ ఆపా," అన్నారు. "ఇది కాలినప్పుడు స్కూటర్ నడుస్తలేదు. ఆగి ఉంది. నడిచేటప్పుడు గాలి తగుల్తది, బండి నిమ్మళంగ ఉంటది. ఆగినంక వేడి ఏడికి పోవాలె? పక్కనున్నోన్ని పట్టుకుంటది. ఇగ మంచుల తిరిగే బండికి గాలి పోయే సందులు మంచుతోనే మూసుకపోతయి. లోపల సైలెన్సర్ పక్కనే స్పాంజి, ప్లాస్టిక్, ఆయిల్. ఎప్పుడైనా సరే, ఆగినంక చూడాలె."

ఆగినంక చూడాలె. ఈ మాట రోజుకు కనీసం ఎనిమిదిసార్లు వినేదాన్ని. ఎందుకంటే పరీక్షలు రోజుకు ఎనిమిది.

పరీక్ష ఇలా ఉండేది. ఒక మూల గదిలో ఇంజనును ఇనప బల్ల మీద బిగించి, సైలెన్సరుకు తొడుగు వేసి, బండిలో ఉన్నట్టే పక్కన స్పాంజి ముక్క అమర్చి, అరగంట నడిపి ఆపేయాలి. తొడుగు వేయడాన్ని ఆయన పెళ్ళికొడుక్కి షేర్వాణీ తొడగడం అనేవారు. "దూల్హా తయార్, ఆపా. టైం రాసుకోండ్రి." ఆపాక అయిదు నిమిషాలు ఆగాలి. ఆరు చోట్ల వేడి ఎంత ఉందో నేను రాసుకోవాలి. ఫారంలో ఆఖరి గడి వాసన. కమురు వాసన ఉందా, లేదా? ఒకరి ముక్కును నమ్మకూడదని, ఇద్దరు పీల్చి ఇద్దరూ సంతకం పెట్టాలని కొనేవాళ్ళ నిబంధన. ఒక ముక్కు భాయ్‌ది. రెండో ముక్కు, రికార్డు గుమాస్తాను కాబట్టి, నాది.

ఉద్యోగంలో చేరేటప్పుడు ఈ గడి సంగతి నాకెవరూ చెప్పలేదు. చేరాక నేనెవరికీ చెప్పలేదు. ఇంట్లో సంపాదించేది నేనొక్కదాన్నే. గదిలోకి వెళ్ళి, కళ్ళు సగం మూసి, పెద్ద సంగీత విద్వాంసురాలిలా తల పంకించి, "లేదు" అని రాసేదాన్ని. నా మటుకు అది అబద్ధం కాదు కదా అని సరిపెట్టుకునేదాన్ని. నాకు నిజంగానే ఏ వాసనా లేదు.

భాయ్ పీల్చే తీరు వేరు. ఎడమ ముక్కురంధ్రాన్ని బొటనవేలితో మూసి కుడిదానితో పీల్చేవారు. తర్వాత కుడిది మూసి ఎడమదానితో పీల్చేవారు. నేను ప్రాణాయామం అనుకున్నాను. తర్వాత మూఢనమ్మకం అనుకున్నాను. గడియారం పెట్టి చూస్తే మొదటిసారి పీల్చడానికి నాలుగు సెకన్లు, రెండోసారి తొమ్మిది. ఒకే ముక్కు, ఒకే వాసన, రెండోసారి దేనికి? లెక్క వేశాను. రోజుకు ఎనిమిది తొమ్ముళ్ళు డెబ్బై రెండు సెకన్లు. ఏడాదికి రెండు వందల యాభై పనిదినాలు. పద్ధెనిమిది వేల సెకన్లు. సరిగ్గా అయిదు గంటలు. కాగితం మీద రాసి ఆయన ముందు పెట్టాను.

"ఏడాదికి అయిదు గంటలు దండగ చేస్తున్నారు భాయ్."

ఆయన ఆ కాగితం తిప్పి తిప్పి చూసి, "ఎంత కరెక్టుగ వేసినరు ఆపా!" అని జేబులో పెట్టుకున్నారు. మర్నాడు కూడా నాలుగు, తొమ్మిది.

ఆయన చాదస్తాలు ఇంకా ఉండేవి. మధ్యాహ్నం, తిండి కొట్లన్నీ ఒకచోట ఉండే హాకర్ సెంటర్‌లో అందరూ బల్ల మీద టిష్యూ ప్యాకెట్ పెట్టి చోటు చోప్ చేసుకుంటారు, అంటే ఆపి ఉంచుకుంటారు. ఆయన పాత స్పార్క్ ప్లగ్గు పెట్టేవారు. "టిష్యూ అయితే ఎవడన్న ముక్కు తుడుచుకోనికి తీస్కపోతడు. ప్లగ్గుతోని ఏం తుడుచుకుంటడు?" అనేవారు. ఒకరోజు ప్లగ్గును కూడా ఎవరో తీసుకుపోయారు. ఆ రోజంతా ఆయన ముఖంలో కోపం లేదు, గౌరవం ఉంది. "మెకానిక్ అయి ఉంటడు," అన్నారు.

సెలవు పెట్టినప్పుడల్లా వెళ్ళేముందు ఇంజను మొత్తం విప్పేసి, నట్లూ బోల్టులూ డబ్బాల్లో పోసి వెళ్ళేవారు. ఆయన తిరిగొచ్చి బిగించేదాకా పరీక్షలు ఉండేవి కావు. తన ఇంజను మీద ఇంకొకరు చెయ్యి వేస్తే ఓర్వలేని మనిషి అని డైరీలో రాసుకున్నాను.

రంజాన్ పండక్కి గదిలోని ఆడవాళ్ళందరికీ చిన్న అత్తరు సీసా తెచ్చేవారు. నాకు మాత్రం పెన్ను. మొదటి ఏడాది సరే అనుకున్నాను. రెండో ఏడాదీ పెన్నే. మూడో ఏడాది నా డైరీలో ఇలా ఉంది: "ఈసారి కూడా పెన్నే. గుమాస్తాకి అత్తరెందుకని కాబోలు." వాసనే తెలియనిదాన్ని, అత్తరు ఇవ్వలేదని అలిగాను. నా బుద్ధి అంత గొప్పది.

గోడ మీద ఆయన ఒక ఫొటో అతికించారు. కొనేవాళ్ళు ఎప్పుడో పంపినది. తెల్లటి మైదానం మధ్య నల్లటి ముద్ద. వేరేవాళ్ళ తొడుగు వేసిన బండి అట. ఆపిన కాసేపటికి బానెట్ కింద అంటుకుందట. నడిపినవాడికి ఒక్క బొబ్బ రాలేదు. అయితే ఆ చలిలో ఇంటిదాకా నడవాల్సి వచ్చిందట.

"చూడుండ్రి ఆపా," అనేవారు భాయ్. "నిప్పు బండిని తింటది. మనిషిని చలి తింటది. సగం సగం పంచుకుంటయి."

అతను ఇల్లు చేరాడో లేదో ఫొటోతో వచ్చిన ఉత్తరంలో లేదు. ఆ సంగతి రాసి కనుక్కోండని భాయ్ మేనేజరమ్మను మూడుసార్లు అడిగారు.

ఈ మేనేజరమ్మ నాకంటే పదేళ్ళు చిన్న, ఈ ఊరి చైనా మనిషి. ఆవిడ ఇంగ్లీషును తెలుగులో రాస్తున్నాను, చివర 'లా' మాత్రం ఆవిడదే. నేను చేరిన మొదటి వారం, బుధవారంనాడు, ఆవిడ పరీక్ష గదిలోంచి రెండు చేతులూ ఊపుతూ బయటికి పరిగెత్తుకొచ్చింది. "చావ్ తా! చావ్ తా!"

నేను విన్నది "చావుతా" అని. కొత్త దేశం, కొత్త ఉద్యోగం, ఎదురుగా ఒక చైనా ఆవిడ తెలుగులో చచ్చిపోతానంటోంది. ఈవిడకు తెలుగెలా వచ్చిందని ఆలోచించే వేళ కాదనుకున్నాను. రెక్క పట్టుకుని కుర్చీలో కూలేసి, గ్లాసుతో మంచినీళ్ళు అందించి, వీపు నిమురుతూ, "ఏం కష్టం వచ్చిందమ్మా, చిన్నదానివి, అలాంటి మాట అనొచ్చా," అని తెలుగులోనే ఓదార్చాను. గదిలో స్పాంజి రగులుతోంది. చుట్టూ అందరూ ముక్కులు మూసుకుని తలుపు వైపు పరిగెత్తుతున్నారు. నేనొక్కదాన్నే మంచినీళ్ళ గ్లాసుతో.

భాయ్ లోపల మంట ఆర్పి బయటికొచ్చి, మమ్మల్నిద్దరినీ చూసి, గోడకు ఆనుకుని నవ్వి నవ్వి నేల మీద కూలబడ్డారు. నవ్వు ఆగాక ఒక్క క్షణం నా ముఖంలోకి వేరే రకంగా చూశారు. కొత్తమనిషి తెలివి చూసి జాలిపడ్డారనుకున్నాను.

అలా పదకొండో ఏడు వచ్చింది.

ఆ ఏడాది ఒక శుక్రవారం సాయంత్రం భాయ్‌కి హైదరాబాదు నుంచి ఫోను వచ్చింది, వాళ్ళ అమ్మ పోయారని. చేతులు కూడా కడుక్కోకుండా విమానాశ్రయానికి పరిగెత్తారు. మొట్టమొదటిసారి ఇంజను విప్పకుండా వెళ్ళారు.

సోమవారం కొత్త సరుకు పరీక్షకు వచ్చింది. జిగురు మారింది, పాతదాని కంటే మంచిదని చెప్పారు. ఇంజను నడపడానికి పక్క విభాగం మనిషిని పంపారు. అతను ముక్కుకి గుడ్డ కట్టుకుని వచ్చి, ఇంజను ఆపగానే తన పనికి వెళ్ళిపోయేవాడు. భాయ్ ముక్కుకి బదులుగా మేనేజరమ్మ వచ్చింది. ఆవిడకు ఆ వారం భయంకరమైన జలుబు. తలుపు దగ్గరే నిలబడి, "ఏమైనా ఉందా?" అని నన్నడిగింది.

"లేదు," అన్నాను.

నా మాట మీద ఆవిడ సంతకం పెట్టింది. ఎనిమిది తొడుగులు, ఎనిమిది "లేదు"లు, పదహారు సంతకాలు. ఆరు చోట్లా వేడి హద్దులోపలే ఉంది. ఇంత చక్కటి అంకెలు ఈ ఏడాది రాలేదని ఆ రోజు డైరీలో రాసుకున్నాను కూడా. సరుకంతా పెట్టెల్లో సర్దారు. గురువారం మధ్యాహ్నం మూడింటికి లారీ వస్తుంది, అక్కడి నుంచి ఓడకి.

భాయ్ బుధవారం ఉదయం తిరిగొచ్చారు. గడ్డం పెరిగి, కళ్ళు లోతుకి పోయి ఉన్నాయి. పరీక్ష గది తలుపు తీశారు, గుమ్మంలోనే ఆగిపోయారు.

"ఏంది ఆపా, ఈడ ఎవరిని కాల్చిండ్రు?"

వాళ్ళ ఉర్దూలో చిరాంద్ అంటారట, వెంట్రుక కాలిన వాసనను. మన కమురు. మూలన పడేసిన సోమవారంనాటి స్పాంజి ముక్కలు ఒక్కొక్కటే ఎత్తి వాసన చూశారు. ఒక తొడుగును కత్తితో చీల్చారు. లోపల తెల్లగా ఉండాల్సిన జిగురు టీ డికాషన్ రంగులో ఉంది. అది పట్టుకుని నేరుగా మేనేజరమ్మ గదికి వెళ్ళారు. గోడ పల్చన, నాకంతా వినబడింది.

"ఒక్కటి చీల్చి చూపిస్తే ఏం తెలుస్తుంది? అంకెలు బాగున్నాయి. ఇద్దరం సంతకం పెట్టాం. నువ్వు లేవు. మీ అమ్మ పోయిన బాధలో ఉన్నావు, ఇంటికి వెళ్ళి పడుకో లా."

"మళ్ళొక్కసారి పరీక్ష చేయిద్దాం మేడమ్."

"సంతకమైన ఫారం ఎలా తిప్పుతాను? పెట్టినవాళ్ళు కొట్టేస్తే సరే. నీ ముక్కు ఒక్కటి, మావి రెండు."

భాయ్ బయటికొచ్చి నా బల్ల ముందు నిలబడ్డారు. ఫారం నా ముందు పెట్టారు.

"ఈ సంతకం మీదే గదా ఆపా?"

"అంకెలు చూడండి భాయ్. ఆరు చోట్లా..."

"అంకెలకు ముక్కు లేదు ఆపా." తర్వాతి మాట చాలా మెల్లగా అన్నారు. "మీకు గూడ లేదు."

నా చేతిలో పెన్ను ఉంది. ఆయనిచ్చిందే, తొమ్మిదో పండగది.

"ఎప్పటి నుంచి తెలుసు?"

"మేడమ్‌కు మంచినీళ్ళు తాపిన దినం నుంచి. మాట అర్థంగాకపోతే గాకపాయె. ఆ కంపుల నిలబడి గూడ తెలుస్తలేదంటే, ముక్కు పనిచేస్తలేదన్నట్టే గదా."

"మరి ఎవరికీ ఎందుకు చెప్పలేదు?"

"ఎందుకు చెప్పాలె? మీ వంతు గూడ నేనే పీల్చిన గదా." బొటనవేలితో ఎడమ ముక్కు మూసి చూపించారు. "ఇది నాది." తర్వాత కుడివైపు మూశారు. "ఇది మీది. పరాయి సొమ్మని జర ఎక్కువసేపు పీల్చేటోన్ని."

నాలుగు సెకన్లు ఆయనవి. తొమ్మిది సెకన్లు నావి. పదకొండేళ్ళకు యాభై అయిదు గంటలు. అవి దండగ అని కాగితం మీద రాసి ఇచ్చింది నేను.

విప్పేసిన ఇంజను డబ్బాలు అప్పుడు గుర్తొచ్చాయి. పెన్నులూ గుర్తొచ్చాయి.

"ఈసారి నేను లేకపోతిని," అన్నారు. "ఇప్పుడు నా మాట చెల్తలేదు. మీరే కొట్టెయ్యాలె. లారీ రేపు మూడింటికి." ఫొటో ఉన్న గోడ వైపు చూశారు. నా సంగతి చెప్పమని గాని, చెప్తానని గాని ఒక్క మాట లేదు.

ఆ సాయంత్రం ఇంటికెళ్ళి నేను చేసిన పనులు రాస్తే నవ్వుతారు, అందుకే రాస్తాను. ఒక తొడుగు ముక్క సంచిలో పెట్టుకుని వెళ్ళాను. దాన్ని ముక్కుకి ఆనించి పీల్చాను. ఏమీ లేదు. కాఫీపొడి పీల్చాను, ఇంగువ పీల్చాను, తలనొప్పి మందు రెండు రంధ్రాల్లోనూ పూసుకున్నాను. కళ్ళ వెంట నీళ్ళు కారాయి గాని వాసన రాలేదు. యాభై ఎనిమిది ఏళ్ళ జ్వరబాకీ ఒక్క సాయంత్రంలో తీరుతుందని ఎలా అనుకున్నానో! అప్పటికి నలభై ఏళ్ళేనేమో లెండి. చూశారా, కంగారులో లెక్క కూడా తప్పాను. మా అమ్మాయి చూసి, జలుబా అమ్మా అని అడిగింది. దాని చదువు ఇంకా రెండేళ్ళుంది. ఆ రెండేళ్ళ సంగతే ఆలోచిస్తూ కూర్చున్నాను. రేపు ఈ ఒక్క సంతకం కొట్టేస్తే, మిగతావి? రోజుకు ఎనిమిది, ఏడాదికి రెండు వందల యాభై, పదకొండేళ్ళు: ఇరవై రెండు వేలు. అందులో ఆయన సెలవులూ నా సెలవులూ తీసేయాలి. అవీ తీసి చూపించగలను గాని, నా పరువులో దానివల్ల పెద్ద తేడా రాదు.

గురువారం పొద్దున్నుంచీ బల్ల దగ్గరే కూర్చున్నాను. భాయ్ ఒక్కసారి కూడా నా వైపు చూడలేదు. ఇంజను తుడుచుకుంటూ కూర్చున్నారు. రెండు గంటల నలభై నిమిషాలకు లేచాను. ఎందుకు అప్పుడే అంటే, లారీ పది నిమిషాలు ముందొచ్చినా ఇంకా పది మిగలాలని. ధైర్యానికి కూడా నేను లెక్క వేసుకునే లేచాను.

మేనేజరమ్మ ముందు ఎనిమిది ఫారాలూ పరిచి, ఎనిమిది "లేదు"లూ కొట్టేసి, వాటి మీద ఒక్కొక్కటిగా "తెలియదు" అని రాశాను.

"ఏమిటిది? ఫారంలో ఉంది అని ఉంది, లేదు అని ఉంది. తెలియదు ఎక్కడుంది లా?"

"నాకు ముక్కు లేదు మేడమ్."

ఆవిడ నా ముఖంలోకి చూసింది. "ఉందిగా. కనబడుతోంది."

"ఉంది గాని వాసన రాదు."

"ఎప్పటి నుంచి?"

"పద్నాలుగో ఏట నుంచి."

ఆవిడ లేచి నిలబడింది. "పదకొండేళ్ళు! పదకొండేళ్ళు వాసన గడిలో సంతకాలు పెట్టావు! నేను నీ మాట మీద సంతకం పెట్టాను! ఇన్నేళ్ళూ రెండో ముక్కు ఎవరిది?"

తలుపు దగ్గర భాయ్ గొంతు. "నాదే మేడమ్."

"ఒక్కడివి రెండు ముక్కులు ఎలా అవుతావు?"

"రంధ్రాలు రెండున్నయి గదా మేడమ్," అన్నారాయన, చాలా వినయంగా. "ఒకటి నాది. ఒకటి ఆపాది."

నవ్వాలో ఉద్యోగాలు తీసేయాలో తెలియని ముఖం ఆవిడది. కింద లారీ హారను వినబడింది, రెండు యాభై నాలుగుకి. ఆవిడ కిటికీలోంచి వంగి, తన ఇంటిభాషలో ఏదో అరిచింది. లారీ ఖాళీగా వెళ్ళిపోయింది.

మర్నాడు మళ్ళీ పరీక్ష చేశారు. మేనేజరమ్మ జలుబుతోనే ఇనప బల్ల దాకా వచ్చి ముక్కు పెట్టింది. ఆవిడకే తెలిసిపోయింది. మేము వేడి కొలిచే ఆరు చోట్లలో మూడోదానికీ నాలుగోదానికీ మధ్య, బెత్తెడు మేర, జిగురు కరిగి స్పాంజి నల్లబడింది. ఆరు అంకెలూ ఎప్పటిలాగే ముచ్చటగా ఉన్నాయి. ఆ సరుకంతా విప్పేశారు. దానివల్ల ఎవరు ఎక్కడ మంచులో నడవకుండా మిగిలారో నాకు తెలియదు. జీవితంలో నేను మొత్తం వేయలేకపోయిన లెక్క అదొక్కటే.

నన్ను తీసేయలేదు. ఒక హెచ్చరిక ఉత్తరం ఇచ్చి సామాన్ల గదికి మార్చారు. అక్కడ నట్లు లెక్కపెట్టే పని. నట్లకు వాసన ఉండదు. మా అమ్మాయి చదువు పూర్తయింది. భాయ్ పక్కన రెండో ముక్కుగా మేనేజరమ్మే నిలబడేది. ఒకసారి అటుగా వెళ్తూ అద్దంలోంచి చూశాను. ఆయన ఒక్కసారే పీలుస్తున్నారు. నాలుగు సెకన్లు. నాకు అసూయ కలగాలో, ఏం కలగాలో తెలియక, వెళ్ళి నట్లు మళ్ళీ మొదటి నుంచి లెక్కపెట్టాను. ఆ పండక్కి కూడా సామాన్ల గది దాకా వచ్చి పెన్ను ఇచ్చి వెళ్ళారు.

భాయ్ పోయారని ఫోను వచ్చిన మూడో రోజున, అంటే గురువారం, వాళ్ళింటికి వెళ్ళాను. యూ టీ నుంచి ఆంగ్ మో కియో, నేను ఉద్యోగం చేసినప్పుడు తొమ్మిదో స్టేషను. ఇప్పుడు పదోది, మధ్యలో ఒకటి కొత్తగా పెట్టారు. ఆ సంగతి మర్చిపోయి తొమ్మిదోదాంట్లో దిగి, మళ్ళీ ఎక్కాను. ఇంత లెక్కలమనిషిని.

ఇల్లు నిండా మనుషులు. మగవాళ్ళు కింద వరండాలో ఉన్నారు. ఆ అమ్మాయి నన్ను లోపల మంచం మీద కూర్చోబెట్టింది. అల్మారాలోంచి ఒక చెక్కపెట్టె తీసింది. నిండా చిన్న చిన్న సీసాలు. నాన్నని వాళ్ళు అబ్బా అంటారు.

"అబ్బా అత్తర్లు ఆంటీ. వచ్చినవాళ్ళకి తలా ఒకటి ఇస్తున్నాం." నా ముఖం చూసి అంది. "మీకు మాత్రం ఎప్పుడూ పెన్నే ఎందుకిచ్చేవారో నాకు అర్థమయ్యేది కాదు. ఎన్నిసార్లు అడిగినా, ఆపాకు పెన్నే ఇష్టం అనేవారు. నాకైతే చాలా రూడ్‌గా అనిపించేది, సారీ ఆంటీ."

కన్నకూతురికి కూడా చెప్పలేదు ఆయన.

"ఈసారి నేనిస్తా," అంటూ ఒక సీసా మూత తీసి, నా మణికట్టు మీద చుక్క రాసింది. చల్లగా తగిలింది. "ఇది అబ్బా రోజూ వాడింది. ఎలా ఉంది ఆంటీ?"

తల పంకించి కళ్ళు సగం మూయడం నాకింకా బాగానే వచ్చు. ఇరవై రెండు వేలసార్లు చేసిన పని. చాలా బాగుందమ్మా అంటే ఆ పిల్ల సంతోషిస్తుంది, నేనూ టీ తాగి ఇంటికెళ్ళిపోతాను.

"తెలియదమ్మా," అన్నాను. "నాకు వాసన రాదు. మీ నాన్నగారికి తెలుసు. నువ్వు చూసి చెప్పు."

ఆ అమ్మాయి కళ్ళు పెద్దవయ్యాయి. పెట్టెలోని సీసాల వైపు, నా సంచిలోంచి కనబడుతున్న పెన్ను వైపు చూసింది. నా చెయ్యి తీసుకుని ముఖం దగ్గరికి ఎత్తుకుని పీల్చింది. "మల్లెపూలు... కింద కొంచెం చెక్క వాసన... ఇంకా..." ఆగిపోయింది. "అబ్బా వాసన," అంది.

"ఇంకోసారి పీల్చు," అన్నాను. "అది నీది. ఇది నాది."

తల వంచి మళ్ళీ పీల్చింది. నా మణికట్టు తడిసింది. నేను గోడ మీది గడియారం చూస్తూ లెక్కపెట్టాను. ఆరు సెకన్లే. కొత్త కదా, ఏమీ అనలేదు.